పూత రాతికి, తారుకు కాదు



ప్లాస్టిక్‌ను తారులో కరిగించి రోడ్లు వేస్తారని మీ పత్రిక గత సంచికలో రాశారు. మేం తరతరాలుగా మదురైలో స్థిరపడ్డ తెలుగువాళ్లం. ప్లాస్టిక్ రోడ్ల పద్ధతి మా ఊరి త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాలలోనే రూపుదిద్దుకుంది కనుక ఈ మాట సరిదిద్దక తప్పదు. రసాయనశాస్త్ర ఆచార్యులు ఆర్. వాసుదేవన్ గారి పద్ధతిలో ప్లాస్టిక్ తునకలను సుమారు 170 డిగ్రీల దాకా కాగిన కంకర మీద చల్లుతారు. అవి కరిగి ఒక్కో రాయికీ పల్చటి పొరలా పట్టేస్తాయి. తారు పోసేది ఆ తర్వాతే. ఆ పొర వల్లే రాతిలోకి నీరు దిగదు, తారు వదలదు, గుంతలు తగ్గుతాయి. ఆయనకు 2018లో పద్మశ్రీ ఊరికే రాలేదు!

మరో ముఖ్య విషయం మీరు వదిలేశారు. ఇందులో పీవీసీ వాడకూడదు. వేడికి విషవాయువు వస్తుంది. మున్సిపాలిటీలు చెత్త వేరుచేసే దగ్గరే దాన్ని ఏరెయ్యాలి. దయచేసి ఈ రెండూ వచ్చే సంచికలో ప్రచురించండి.

— ఒక పాఠకుడు, మదురై