సైర్ ఎవరికి, చాకిరీ ఎవరికి?

నెలకో ఆదివారం మా బేగంని బెజవాడ తీసుకెళ్తానని దోస్తుల దగ్గర చాలా ఫఖర్‌గా చెప్పుకునేవాణ్ణి. "మనోళ్ళలో ఎంతమంది షౌహర్‌లు ఇట్లా బీవీని వెంటబెట్టుకుని తిరుగుతారు భాయ్?" అని సవాల్ కూడా చేసేవాణ్ణి. ఆ ఫఖర్ అంతా మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం, ప్రకాశం బ్యారేజీకి దగ్గర్లో ఒక సిమెంటు బల్ల మీద ఖతం అయిపోయింది.

కృష్ణ మీంచి చల్లగాలి వస్తోంది. ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆమె కూర్చున్నచోటే నిద్రపోతోంది. ఒళ్ళో ఖాళీ టిఫిన్ క్యారేజీ. దుపట్టా జారిన సంగతి కూడా తెలీదు. లేపాను. కళ్ళు నులుముకుని ఒకటే మాట అంది.

"ఏజీ, వచ్చే నెల మీరొక్కరే వచ్చి తిరిగి పోండి. మై ఘర్ మే సో జాతూఁ. వొహీచ్ మేరీ సైర్."

నేను ఇంట్లో పడుకుంటా, అదే నాకు సైర్ అంటోంది! సచ్ చెప్పాలంటే నాకు గుస్సా వచ్చింది. బస్సు చార్జీలు నావి, బీసెంట్ రోడ్డులో కొనిచ్చిన గాజులు నావి, ఐస్‌క్రీమ్ నాది. ఇంత చేస్తే ఈ షుక్రియానా అనుకున్నాను. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడి వచ్చేదాకా దాదాపు యాభై కిలోమీటర్లు నోరు విప్పలేదు. ఆమె కూడా మాట్లాడలేదు, కిటికీకి తల ఆనించి మళ్ళీ నిద్రపోయింది.

ఇంటికొచ్చాక నేను చెప్పులు విడిచి మంచం మీద వాలాను. ఆమె చెప్పులు విడిచి బావర్చీఖానాలోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వింటూ పడుకుని మొదటిసారి లెక్క వేశాను. బడిపంతుల్ని కదా, లెక్కలు వేయడం ఆదత్.

ఆ రోజు ఆమె నాలుగింటికే లేచింది. అమ్మీకి షుగర్, ఆమెకి రొట్టె విడిగా చెయ్యాలి. పిల్లలకి ఇడ్లీ. మధ్యాహ్నానికి ఇంట్లో వాళ్ళకి బగారన్నం, సొరకాయ దాల్చా. మా ఇద్దరికీ అదే క్యారేజీలో సర్దాలి, ఎందుకంటే బయట తింటే ఖర్చు, పైగా హలాల్ అవునో కాదో అని నాకు షక్. ఆ షక్ నాది, దాని చాకిరీ ఆమెది. రాత్రికి చారు కాచి మూత పెట్టాలి. పిల్లల స్నానాలు, అమ్మీ మందులు, పక్కింటి ఖాలాకి అప్పగింతలు. వీటన్నిటి తర్వాత బుర్ఖా వేసుకుని బయటికొచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి "ఆడవాళ్ళతో బయల్దేరడమంటే ఇంతే" అని నవ్వుతున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు షరమ్‌గా ఉంటుంది.

ఇంకొకటి తర్వాత తెలిసింది. బయటికి వెళ్ళే రోజు ఆమె పొద్దుట్నించి నీళ్ళు తాగదట. ఊళ్ళో శుభ్రమైన బాత్‌రూమ్ ఎక్కడ దొరుకుతుందో ఖబర్ లేక. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, నాకు ఆ సంగతే మాలూమ్ లేదు.

2025 ఆగస్టు 15 నించి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు. కండక్టర్ ఆమెకి జీరో టికెట్ ఇస్తాడు, నాకు డబ్బులు తీసుకుంటాడు. మంచి పనే, ఆ పథకం వచ్చాకే మా సైర్‌లు నెల నెలా సాగాయి. కానీ సర్కార్ ఆమెకి మాఫ్ చేసిన చార్జీ నేను ఇంట్లో వసూలు చేసుకుంటున్నాను, తెల్లవారుజాము నిద్ర రూపంలో.

ఇది నా ఒక్కడి ఇంటి కహానీ కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని మీద ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97 చూసి మురిసిపోకండి. అది ఆ పని చేసే మగవాళ్ళ సగటు మాత్రమే. చేసేవాళ్ళు నూటికి 26 మందే. మిగతా 74 మందిలో నేనూ ఉన్నాను, సర్వే వాళ్ళు మా ఇంటికి రాకపోయినా సరే.

మనవాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తితే వెంటనే ఒక జవాబ్ తయారుగా ఉంటుంది. "అరే, మేం వండమా? శాదీల్లో దేగ్‌లు దించేది ఎవరు? బావర్చీలంతా మర్దులే కదా." అవును. వంద మందికి దేగ్ ఎక్కించే బావర్చీకి మజూరీ ఉంది, ఇజ్జత్ ఉంది, గోష్త్ ఉడికిందో లేదో చూడమని నలుగురు వెనకాల తిరుగుతారు. దేగ్ మూత తీయగానే "వాహ్" అంటారు. నేను కూడా ఈద్‌కి ఒకసారి బిరియానీ చేశాను. ఇరవై గిన్నెలు వాడాను, మూడుసార్లు "గరమ్ మసాలా ఎక్కడ?" అని అరిచాను, ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్నాను. గిన్నెలు ఎవరు తోమారో అడగొద్దు. మగాడు వండితే హునర్, ఆడది వండితే ఫర్జ్ అని మనం ఎప్పుడో పంచేసుకున్నాం. ఈ పంపకం ఏ కితాబ్‌లోదో చూపించమంటే మాత్రం ఎవరూ చూపించరు. రసూలుల్లా ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటివాళ్ళ పనిలో చెయ్యి వేసేవారని, అజాన్ వినగానే నమాజ్‌కి వెళ్ళేవారని హజ్రత్ ఆయెషా చెప్పిన హదీస్ జుమా బయాన్‌లో ఎన్నిసార్లు విన్నామో. వింటాం, సుభానల్లా అంటాం, ఇంటికొచ్చి "ఖానా లావో" అంటాం.

నేనుండే ఊరు సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి, లేకపోతే నా షరమ్ మీకు పూర్తిగా అర్థం కాదు. ఇది కూచిపూడి. గోల్కొండని ఏలిన ఆఖరి కుతుబ్‌షాహీ సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఇక్కడి భాగవతుల ఆట చూసి ఖుష్ అయి ఊరినే ఇనామ్‌గా ఇచ్చాడంటారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది, తానీషా ఖైదీ అయ్యాడు, ఆట మాత్రం ఇక్కడ మిగిలింది. (మా అబ్బా ఈ ఖిస్సా చెప్పినప్పుడల్లా ఊరు తానే ఇచ్చినంత గర్వపడేవాడు.) ఈ భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జిందగీలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా తెర వెనక నించి జడ వేస్తే జనం ఊగిపోయేవారట. 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆడదాని నడక, అలక, చూపు, సిగ్గు అన్నీ ఏళ్ళ తరబడి రియాజ్ చేసి నేర్చుకున్న మగవాళ్ళ ఊరు ఇది. అసలు ఆడవాళ్ళకే చాలాకాలం ఆ ఆటలో చోటు లేదు, వాళ్ళు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే.

అంత పెద్ద కళని తక్కువ చెయ్యడం నా ఇరాదా కాదు. నా ఇంటి సంగతే చెప్తున్నాను. మగాడు జడ వేసుకుని ముక్కుపుడక పెట్టుకుంటే దండం పెట్టే ఊళ్ళో, నేను మొదటి ఆదివారం ఉల్లిపాయలు కోస్తూ ఏం చేశానో తెలుసా? వీధి వైపు కిటికీ మూశాను. పాలవాడు చూస్తాడని, స్కూలు పిల్లల తండ్రులు చూస్తారని. పొగ లోపలే నిండి కళ్ళు మండాయి. అమ్మీ గుమ్మంలో నిలబడి "కైకు రే, బహూకి తబియత్ బాలేదా?" అని అడిగింది. బాగానే ఉంది అమ్మీ అన్నాను. అయితే నువ్వెందుకు అక్కడ అన్నట్టు చూసింది. తస్బీ తిప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది కానీ ఆ పూట నాతో మాట్లాడలేదు.

హోటల్లో తింటే సరిపోతుంది కదా అని ఒక దోస్త్ సలహా. జీతం వచ్చేవాడికి నెలకోసారి కుదురుతుందేమో. ఆటో తోలేవాడికి, పంక్చర్లు వేసేవాడికి బెజవాడలో ఇద్దరు పెద్దాళ్ళు, ఇంటి దగ్గర ముగ్గురి పార్శిళ్ళు అంటే రెండు రోజుల కమాయి. పైగా హోటల్ వల్ల తీరేది ఒక పూట వంట. అమ్మీ రొట్టె, రాత్రి చారు, రేపటి పప్పు అట్లాగే ఉంటాయి. బయటికి వెళ్ళడం గేటు దగ్గర మొదలవదు, చూలా దగ్గర మొదలవుతుంది. తిరిగొచ్చాక అక్కడే ముగుస్తుంది. ఆ రెండు చివర్లూ నేను పట్టుకోకుండా మధ్యలో ఐస్‌క్రీమ్ కొనిపెట్టి మొహబ్బత్ అనుకున్నాను.

ఇప్పుడు నాలుగు నెలలైంది. సైర్ రోజు వంట నాది, ముందు రోజు సామాన్ల ఫిక్ర్ కూడా నాదే. అసలు కష్టం వండడంలో లేదు, గుర్తుపెట్టుకోవడంలో ఉంది. చింతపండు అయిపోవస్తోందని, అమ్మీ రొట్టెల పిండి రెండు రోజులకే వస్తుందని, దాల్చాకి శనగపప్పు ముందే నానబెట్టాలని. ఇదంతా ఆమె దిమాగ్‌లో పద్నాలుగేళ్ళుగా నడుస్తూనే ఉంది, బ్యారేజీ మీద గాలి పీలుస్తున్నప్పుడు కూడా.

పోయిన ఆదివారం నా దాల్చాలో పులుపు ఎక్కువైంది. పిల్లలు మొహాలు పెట్టారు. అమ్మీ మాత్రం ఏమీ అనకుండా తిన్నది, రెండోసారి కూడా వడ్డించుకుంది. మేం తొమ్మిదింటికి బస్సెక్కాం. బేగం చేతిలో హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే. క్యారేజీ నా భుజానికి. దార్లో ఆమె నిద్రపోలేదు. ఉయ్యూరు దాటాక చెరకు లారీలు లెక్కపెట్టింది, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌ని తిట్టింది, స్వరాజ్ మైదాన్ దగ్గర అంబేడ్కర్ విగ్రహం చూసి ఆ వేలు ఎటు చూపిస్తోందని అడిగింది. ఇన్ని మాటలు ఆమె దగ్గర ఉన్నాయని మర్చిపోయాను.

తిరుగు బస్సులో పామర్రు దగ్గర అడిగింది, "ఏజీ, రేపటికి ఇడ్లీపప్పు నానబోశారా?"

నానబొయ్యలేదు. ఇంటికి రాగానే ఆమె లేవబోతే "నక్కో, బైఠో" అన్నాను. పొద్దున పిల్లలకి ఉప్మా చేశాను, ఉండలు కట్టింది. కిటికీ ఇంకా సగమే తీస్తున్నాను.