జెండాలు సర్దుకునే ముందు

దళిత సోదరులారా, అక్కచెల్లెళ్ళారా!

ఎన్నికలొస్తే మన పేటల్లోకి రెండు రకాల బండ్లొస్తాయి. ఒకటి సీసాలూ నోట్లూ మోసుకొచ్చే బండి. రెండోది మనుషుల్ని తలకింత అని లెక్కగట్టి మీటింగులకు తోలుకుపోయే బండి. ఈ రెండూ మనకు కొత్త కాదు. ఈ మధ్య మూడో రకం ప్రయాణం ఒకటి మొదలైంది. నలుగురైదుగురు స్నేహితులు కలిసి, ఎవడి దగ్గరా కూలి పుచ్చుకోకుండా, తమ డబ్బుతో తామే టికెట్టు కొనుక్కొని పొరుగు రాష్ట్రం పోయి, అక్కడ మన ఉద్యమం నిలబెట్టిన మనిషి కోసం ఇల్లిల్లూ తిరిగి వస్తున్నారు.

దీని మీద మన పేటల్లో పెద్ద వాదమే నడుస్తోంది. ఒక మీటింగులో ఒక పెద్దావిడ లేచి మమ్మల్నే నిలదీసింది: "మన పేటకు శ్మశానం దారి లేదు. శవాన్ని ఎత్తుకొని మోకాటి లోతు నీళ్ళలో పోతున్నాం. ఆ దారి సంగతి చూడకుండా నా మనవడు రైలెక్కి పోతానంటున్నాడు. అక్కడోళ్ళకి కాళ్ళూ చేతులూ లేవా నాయనా?"

ఆమె అడిగింది న్యాయమైన మాట. దానికి జవాబు చెప్పకుండా ఒక్క జెండా కూడా రైలెక్కకూడదు.

ముందు మన చరిత్ర చూద్దాం. 1946లో రాజ్యాంగ సభకు బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను ఎవరు పంపారు? ఆయన పుట్టి పెరిగి పోరాడిన బొంబాయి రాష్ట్రం పంపలేదు. అక్కడ దారులన్నీ మూసేశారు. ఆయన్ని గెలిపించింది బెంగాల్. అక్కడి శాసనసభలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరపున ఉన్నది జోగేంద్రనాథ్ మండల్ ఒక్కరే. ఆ ఒక్క మనిషి మిగతా పార్టీల్లో ఉన్న మన కులాల సభ్యుల్ని ఒక్కొక్కర్నీ కలిసి ఒప్పించి ఓట్లు కూడగట్టాడు. మా భాషవాడు కాదు, మా రాష్ట్రంవాడు కాదు అని బెంగాల్ నామశూద్రులు అనుకొని ఉంటే ఏమయ్యేది? రాజ్యాంగ రచనలో బాబాసాహెబ్ పాత్ర ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

మన గడ్డ మీద కూడా అలాంటి గుర్తు ఒకటుంది. ఫెడరేషన్ పుట్టింది 1942లో నాగపూర్‌లో. 1952 మొదటి లోక్‌సభ ఎన్నికల్లో బాబాసాహెబ్ బొంబాయిలో ఓడిపోయాడు. ఆ ఎన్నికల్లోనే హైదరాబాద్ రాష్ట్రంలోని కరీంనగర్ నుంచి ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ గెలిచి పార్లమెంటులో కూచున్నాడు. నాగపూర్‌లో వేసిన విత్తనం కరీంనగర్‌లో మొలిచింది. ఈ రాష్ట్రాల సరిహద్దులు మనం గీసినవి కావు. ఊరి బయట వాడ పెట్టే పద్ధతి మాత్రం అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే.

కాన్షీరాం సంగతి చూడండి. పంజాబులో పుట్టాడు. పూనాలో ఉద్యోగం చేస్తూ కళ్ళు తెరిచాడు. 1984లో జాంజ్‌గీర్ నుంచి, 1988లో అలహాబాద్ నుంచి పోటీ చేసి ఓడిపోయాడు. 1991లో ఇటావా నుంచి గెలిచాడు. 1983లో ఆయనా, ఆయన వెంట ఉన్నవాళ్ళూ సైకిళ్ళ మీద 40 రోజుల్లో 7 రాష్ట్రాలు, 4,200 కిలోమీటర్లు తిరిగారు. హెలికాప్టర్లు లేవు. రెండు కాళ్ళూ రెండు చక్రాలే. అలహాబాద్‌లో ఓటుతో పాటు ఒక రూపాయి నోటు కూడా ఇవ్వమని పేదవాళ్ళనే అడిగారు. రూపాయి ఇచ్చినవాడు ఓటు అమ్ముకోడు. 1995 జూన్ 3న మాయావతి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి అయిందంటే దాని కింద ఇలా ఊరు కాని ఊళ్ళలో తిరిగిన వేలమంది పేరులేని కార్యకర్తల అరికాళ్ళ బొబ్బలున్నాయి.

కాబట్టి పోవటం తప్పు కాదు. ఎట్లా పోతున్నాం, పోయి ఏం చేస్తున్నాం, ఏం వదిలిపెట్టి వస్తున్నాం అన్నదే ప్రశ్న.

దీనికి అమెరికా నల్లవాళ్ళ పోరాటంలో ఒక పాఠం ఉంది. మిసిసిపి రాష్ట్రంలో 1962 నాటికి ఓటు హక్కు ఉండాల్సిన నల్లవాళ్ళలో నూటికి ఏడుగురి పేర్లు కూడా జాబితాలో లేవు. ఓటు రాయించుకోబోతే రాజ్యాంగంలో ఒక ముక్క చూపించి దాని అర్థం చెప్పమనేవాళ్ళు. చెప్పినది ఒప్పో తప్పో తేల్చేది తెల్ల గుమాస్తా. పత్తి చేలల్లో పనిచేసే ఫానీ లూ హేమర్ 1962 ఆగస్టు 31న ఓటు రాయించుకోవటానికి పోయింది. ఆ రోజే ఆమెను దొర తన తోటలోంచి వెళ్ళగొట్టాడు. ఇది మన ఊళ్ళ కథలాగే లేదూ?

1964 వేసవిలో బాబ్ మోజెస్ లాంటి నల్ల నాయకులు ఒక పిలుపిచ్చారు. ఉత్తరాది రాష్ట్రాల కాలేజీల నుంచి వెయ్యిమంది దాకా విద్యార్థులు కదిలారు. ఎక్కువమంది తెల్లపిల్లలే. జీతం లేదు. జైల్లో పడితే జామీనుకు 500 డాలర్లు ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. ముందు ఒహాయో రాష్ట్రంలో శిక్షణ. దెబ్బలు పడితే తల ఎలా కాపుకోవాలో కూడా అక్కడే నేర్పారు. తర్వాత నల్లవాళ్ళ ఇళ్ళలో ఉండి, వాళ్ళు పెట్టింది తిని, ఎండలో గుమ్మం గుమ్మం ఎక్కి దిగారు.

ఈ పిల్లల దరఖాస్తులను తర్వాత డగ్ మెక్ ఆడమ్ అనే ఆయన పరిశీలించాడు. పోతామని పేరిచ్చినవాళ్ళలో కొందరు ఆగిపోయారు, కొందరు నిజంగా పోయారు. ఆదర్శాల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా స్నేహంలో ఉంది. తోటి స్నేహితుడు పోతున్నవాడే ఎక్కువగా పోయాడు. ఒంటరిగా ఉన్నవాడు భయంతో ఆగిపోయాడు. అందుకే మా మాట: మన పిల్లలు స్నేహితులతో కలిసి పోతున్నారని ఎగతాళి చెయ్యకండి. ధైర్యం అనేది ఒకడి జేబులో ఉండదు. పక్కవాడి భుజం మీద ఉంటుంది.

మరి చేదు సంగతి కూడా చెప్పాలి. 1964 జూన్ 21న ముగ్గురు కుర్రాళ్ళను చంపి మట్టికట్ట కింద పూడ్చారు. జేమ్స్ చేనీ మిసిసిపి నల్లవాడు. ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ న్యూయార్కు నుంచి వచ్చిన తెల్లవాళ్ళు. ఆగస్టు 4న శవాలు దొరికేదాకా దేశమంతా గగ్గోలు. ఆ వెదుకులాటలోనే అంతకుముందు చంపి నీళ్ళలో పడేసిన నల్లవాళ్ళ శవాలు బయటపడ్డాయి. వాళ్ళ కోసం ఆ దేశం అంతకుముందు వెదకలేదు. బయటి నుంచి వచ్చినవాడి నెత్తురుకున్న వెల, ఉన్న ఊళ్ళోవాడి నెత్తురుకు లేదు. ఇది మనం మరవరాదు.

ఇంకోటి. గుమ్మంలో నిలబడ్డ తెల్లకుర్రాడికి ఎదురు చెప్పలేక "సరే అయ్యా, వస్తాను" అన్న నల్ల రైతుకూలీలు చాలామంది ఓటు రాయించుకోవటానికి రాలేదు. ఆ "సరే" ఒప్పుకోవటం కాదు, భయం. ఆ వేసవిలో 17 వేలమంది నల్లవాళ్ళు ఓటు కోసం ప్రయత్నిస్తే 1,600 మంది పేర్లే ఎక్కాయి. లెక్కలో చూస్తే ఓటమి. కానీ ఓటు అడ్డుకుంటున్నది ఎవరో ప్రపంచం ముందు తేలిపోయింది. 40 దాకా స్వేచ్ఛా పాఠశాలలు నడిచాయి. హేమర్ లాంటి కూలి మనుషులే సొంత పార్టీ కట్టి, ఆగస్టులో అధికార పార్టీ మహాసభకు పోయి కుర్చీలడిగారు. రెండు కుర్చీలు విసిరితే వద్దన్నారు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది.

ఆగస్టు 6 తేదీ చదవగానే మనకు చుండూరు గుర్తొస్తుంది. 1991లో అదే తేదీన మన బిడ్డల్ని నరికి గోతాల్లో కుక్కారు. ఒక చోట చట్టం పుట్టిన రోజు, ఇంకో చోట చట్టం ఉండగానే హత్యలు జరిగిన రోజు. ఆ అమెరికా చట్టంలోని కీలకమైన భాగాన్ని కూడా 2013లో అక్కడి సుప్రీంకోర్టు పనికిరాకుండా చేసింది. కాగితం మీది హక్కును కాపలా కాసే మనుషులు లేకపోతే అంతే.

ఇప్పుడు మా తప్పు మేము ఒప్పుకుంటాం. మేము ఉత్సాహపరిచి పంపిన ఒక జట్టు పొరుగు రాష్ట్రం పోయి పది రోజులుంది. భాష రాదు. అక్కడి వాడలో ఒక కూలి కుటుంబం వీళ్ళకు చోటిచ్చింది. ఆ ఇంటి ఆడమనిషి పది రోజులు పని మానుకొని పదకొండు మందికి వండిపెట్టింది. మనవాళ్ళు సెంటర్లో జెండాలు పట్టుకొని ఫోటోలు దిగారు. పోలింగు కాగానే రైలెక్కారు. మూడో రోజున ఆ ఊరి ఆసామి ఆ కుటుంబాన్ని పనిలోకి రావద్దన్నాడు. కిరాణా కొట్టువాడు అప్పివ్వనన్నాడు. ఆ సంగతి మనకు నెల తర్వాత తెలిసింది. ఎందుకంటే తిరిగొచ్చినవాళ్ళలో ఒక్కడు కూడా వాళ్ళ క్షేమం అడగలేదు. మిసిసిపిలో హేమర్‌కు జరిగిందే ఆ ఇంటికీ జరిగింది. బయటివాడికి తిరుగు టికెట్టుంటుంది, ఉన్నవాడికి ఉండదు. పంపిన మాదే ఆ బాధ్యత. ఈ అయిదు మాటలూ ఆ సిగ్గులోంచి పుట్టినవే.

1. పిలవందే పోవద్దు. అక్కడి వాడ కమిటీ రమ్మనాలి, పని చెప్పాలి. మనం చెప్పులు విడిచి వినేవాళ్ళం, అక్కడ నాయకత్వం వాళ్ళది. భాష రానప్పుడు ముందు మనవాళ్ళున్న పేటలకు పొండి. పొట్టచేత పట్టుకొని పోయిన తెలుగు కూలీలు బొంబాయిలో ఉన్నారు, భివండీలో ఉన్నారు, బెంగుళూరులో ఉన్నారు. పాకీపని చేస్తూ తమిళనాడు పట్టణాల్లో ఉన్నారు. వాళ్ళ గుమ్మంలో మన తెలుగే సరిపోతుంది.

2. మన బియ్యం మనమే మోసుకుపోవాలి. పేదవాడి పొయ్యి మీద బరువు కావద్దు. వంట మగపిల్లలు కూడా చెయ్యాలి. ఆడపిల్లలు జట్టులో ఉంటే ఒకరిని ఒంటరిగా పంపవద్దు. వాళ్ళు పడుకునే చోటు ముందే చూసి రావాలి. ఆడవాళ్ళు లేని జట్టు సగం ఇళ్ళలోకి అడుగు పెట్టలేదు.

3. చట్టం తెలుసుకొని పోవాలి. పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందే ప్రచారం ఆగిపోవాలి. అక్కడ ఓటు లేని బయటి కార్యకర్తలు ఆ తర్వాత ఆ నియోజకవర్గంలో ఉండకూడదు. కులం, మతం పేరు చెప్పి ఓటు అడగటం అవినీతి చర్య అని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి చెప్పింది. భూమి, కూలి రేటు, శ్మశానం, స్కాలర్‌షిప్పు గురించి మాట్లాడండి. అదే రోజు ఇక్కడ పోలింగు ఉంటే మీ ఓటు మీరు వేసుకోవటం మొదటి పని.

4. తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి. "సరే బాబూ" అన్నంతలో ఓటు పడ్డట్టు రాసుకోవద్దు. రెండోసారి అదే గుమ్మానికి పోయినప్పుడు వాళ్ళు నోరు విప్పి చెప్పే కష్టమే మన ప్రచారం.

5. పోలింగుతో పని అయిపోదు. చోటిచ్చిన ఇంటికి, వెంట తిరిగిన కుర్రాళ్ళకు మూడు నెలలపాటు వారానికొకసారి ఫోను చెయ్యాలి. ఓటు వేసినందుకు పోలింగు తర్వాత దళితుల్ని కొట్టడం, సాంఘిక, ఆర్థిక బహిష్కారం పెట్టడం అట్రాసిటీ చట్టం కింద నేరం. 2015 సవరణతో వచ్చిన ఈ మాట 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. పోయిన జట్టులో ఒకడు ఈ చట్టం చదివి ఉండాలి. అక్కడి లాయరు నంబరు జేబులో ఉండాలి. అవసరమైతే తిరిగి రైలెక్కాలి. ఆ రెండో రైలు ఎక్కే ఓపిక లేనివాడు మొదటి రైలు ఎక్కనే కూడదు.

ఇక ఆ పెద్దావిడకు జవాబు.

అమ్మా, నీ మనవడు పోతే పోనియ్యి. కానీ ఉత్త చేతులతో రానియ్యకు. 1964 వేసవిలో మిసిసిపి పోయి వచ్చినవాళ్ళలో మారియో సావియో అనే విద్యార్థి ఒకడు. తిరిగొచ్చిన కొద్ది నెలలకే తన బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మాట్లాడే హక్కు కోసం వేలమందిని కూడగట్టాడు. అక్కడ నేర్చిన ధైర్యం ఇక్కడ ఖర్చు పెట్టాడు. నీ మనవడు కూడా అక్కడ ఇల్లిల్లూ తిరగటం నేర్చుకుంటాడు. తెలియనివాడి గుమ్మంలో నిలబడి బెరుకు లేకుండా మాట్లాడటం నేర్చుకుంటాడు. పేర్లు రాసుకోవటం, లెక్క చెప్పటం నేర్చుకుంటాడు. తిరిగొచ్చిన మర్నాడే ఆ కాగితం, కలం పట్టుకొని మన పేటలో ఇల్లిల్లూ తిరిగి శ్మశానం దారి అర్జీ మీద సంతకాలు పెట్టించాలి. ఎమ్మార్వో ఆఫీసు ముందు కూచోవాలి. పరాయి ఊళ్ళో పది రోజులు తిరిగినవాడు సొంత పేటలో పది గుమ్మాలు ఎక్కలేకపోతే వాడు పోయింది ప్రచారానికి కాదు, తిరునాళ్ళకు.

కార్యకర్తలారా! ఈసారి ఏ జట్టు పోయినా రెండు జాబితాలు రాసి పెట్టండి. పోయిన చోట మనకు అన్నం పెట్టిన ఇళ్ళ జాబితా ఒకటి. తిరిగొచ్చి మన పేటలో చెయ్యాల్సిన పనుల జాబితా ఒకటి. రెండూ పేట అరుగు మీద అందరి ముందూ చదవండి. ఆ పెద్దావిడ కూడా వినాలి. ఆమె సరేనన్నాక జెండాలు సర్దుకోండి.

జై భీమ్!