కారు ఫ్రిజ్... కొత్తదా, పాతదా?

వేసవి ప్రయాణంలో పసిపిల్లల పాలు, నానమ్మ ఇన్సులిన్ చల్లగా ఉండాలి. సెకండ్ హ్యాండ్ కారు ఫ్రిజ్ చవగ్గా వస్తోందా? ముందు అది ఏ రకమో చూడండి. థర్మోఎలక్ట్రిక్ రకం బయటి వేడిని సాధారణంగా 20 డిగ్రీల దాకా తగ్గిస్తుంది. బయట 42 ఉంటే లోపల 22! మూత తీయని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. గడ్డ కట్టినా పనికిరాదు. అందుకే మందులకైతే కంప్రెసర్ ఉన్నది, వారంటీతో కొత్తదే కొనండి.

నీళ్లు, పళ్లకైతే పాతదైనా ఫర్వాలేదు. అయితే కొనేముందు 12 వోల్టుల సాకెట్‌కి తగిలించి రెండు గంటలు నడిపి చూడండి. మూత రబ్బరులో కాగితం పెట్టి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే చల్లదనం నిలవదు. గ్యాస్ కారుతుంటే బేరమే వద్దు. ఆదా చేసిన డబ్బు రిపేరుకే సరి!