పిలకాయల్ని ఆడేదానికి పిలిచామా, నీళ్లు మోసేదానికా?



పోస్ట్ కొంచెం పెద్దది. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

ఈ ఆదివారం మీటింగ్‌లో మన కాలనీల పిలకాయల బాస్కెట్‌బాల్ ఆటలకి రూల్స్ పెట్టుకోబోతున్నాం. "ఒక్కో కాలనీ నుంచి బాగా ఆడే ఏడుగురినే తీసుకుందాం, మిగతావాళ్లు వచ్చి చూస్తారు" అని కొందరు అన్నలు రాశారు. దాని కింద చాలామంది బొటనవేలు బొమ్మలు పెట్టారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

ముందు నా తప్పు చెప్పుకుంటా. పోయిన నెల పక్క కాలనీతో మ్యాచ్ పెట్టాం. అందరూ ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లు. మన వైపు పదకొండు మంది వచ్చారు, అందులో ముగ్గురు ఆడపిల్లలు. కోచ్‌ని నేనే. కోచ్ అంటే ఏం లేదు, కాలేజీలో చూసి నేర్చుకున్న నాలుగు ముక్కలు, మెడలో ఒక విజిల్. ఎత్తుగా ఉన్న ఐదుగురు మగపిల్లల్ని దించా. ఆట అయిపోయేదాకా వాళ్లనే ఆడించా. రెండు పాయింట్ల తేడాతో గెలిచాం. ఫోటో తీసి ఈ గ్రూపులోనే పెట్టా, మీరంతా మెచ్చుకున్నారు.

ఆ ఫోటోలో లేని పిల్లోడు ఒకడున్నాడు. తొమ్మిదేళ్లు. మ్యాచ్ అంతా బాటిళ్లు నింపి తెచ్చింది వాడే. ఇంటికి పోతా పోతా నన్నడిగాడు: "అన్నా, నీళ్లు బాగా మోశానా?"

తర్వాత ఆదివారం వాడు రాలేదు. వాళ్ల నాయనతో రొయ్యల గుంట కాడ కాపలాకి పోయాడంట. నేను ఆడించనందుకే పోయాడని చెప్పను. ఇంట్లో కష్టం ఉంది, అది మనందరికీ తెలుసు. కానీ ఆదివారం పొద్దున్నే గ్రౌండ్‌కి రావాలి అనేదానికి వాడికి ఒక కారణం ఉన్నింది. దాన్ని తీసేసింది నేను.

మనకి ఇది కొత్తేం కాదు కదా. చిన్నప్పుడు బళ్లో గది ఊడ్చేదానికి, బోర్డు తుడిచేదానికి, బిందెతో నీళ్లు తెచ్చేదానికి ఎవరిని లేపేవాళ్లు? నన్ను లేపేవాళ్లు. లెక్క చెప్పేదానికి మాత్రం ముందు బెంచీ వాళ్లను లేపేవాళ్లు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. అంత దూరం వచ్చి, విజిల్ నా మెడలో పడేసరికి, నేనూ ఆ పనే చేశా.

ఏకలవ్యుడి గురించి మనం ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చుకోలేదు? మన పిల్లల కోసం కేంద్రం పెట్టిన గురుకులాలకి ఏకలవ్యుడి పేరు. కోచ్‌లకి ఇచ్చే అవార్డుకేమో ద్రోణుడి పేరు, 1985 నుంచి. దాని మీద మనం కోపపడతాం, న్యాయమే. మరి తొమ్మిదేళ్ల పిల్లోడితో "నువ్వు పొట్టి, నీకు రాదు, పక్కన కూర్చో" అనేవాడిని ఏమనాలి?

అసలు ఈ ఆట ఎట్లా పుట్టిందో చూడండి. 1891 డిసెంబర్, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్. చలికాలం బయట ఆడలేని విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు దీన్ని తయారు చేశాడు. క్లాసులో ఉన్నది 18 మంది. తొమ్మిది మంది ఒక వైపు, తొమ్మిది మంది ఇంకో వైపు దిగారు. అంటే మొట్టమొదటి మ్యాచ్‌లో బయట కూర్చున్న విద్యార్థి ఒక్కడూ లేడు.

ఇంకోటి. రింగు పది అడుగుల ఎత్తులో ఎందుకుంటుంది? ఆ రోజు పండ్ల బుట్టలు కొట్టిన బాల్కనీ కమ్మీ అంత ఎత్తులో ఉన్నింది కాబట్టి. పిల్లల్ని నిలబెట్టి కొలిచిన ఎత్తు కాదది. అందుకే పన్నెండేళ్ల లోపు వాళ్లకి మినీ బాస్కెట్‌బాల్ అని వేరే ఉంది. రింగు 3.05 మీటర్లు కాదు, 2.60. బంతి కూడా చిన్నది, 5 నంబర్ సైజు. పెద్దల రింగు కింద చిన్నోళ్లని నిలబెట్టి "పొట్టోళ్లకి రాదు" అంటే ఆ తప్పు పిల్లలదా, రింగుదా?

రింగుకి డబ్బుల్లేవంటారా? మన తాతలు చేపలు పట్టే ఊత చూశారుగా, పైనా కిందా తెరిచే ఉంటుంది. వెడల్పు వైపు పైకి పెట్టి, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో గుంజకి కట్టండి చాలు.

"గెలిస్తేనే మన పేరు నిలబడుద్ది, బయటోళ్లు నవ్వకూడదు" అనే అన్నల మాట నాకు అర్థమవుద్ది. చిన్నప్పటి నుంచి నవ్వించుకున్నవాళ్లం, గెలవాలని ఉండదా? మలావత్ పూర్ణ పేరు కూడా చెప్తారు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కిన మన గిరిజన బిడ్డ. నాకూ గర్వమే. కానీ ఆమెని ఊళ్లో చూసి నేరుగా ఎవరెస్ట్‌కి తీసుకుపోలేదు. గురుకులంలో చదువుతుంటే, భువనగిరి కొండ మీద ఎంతోమంది పిల్లలతో పాటు ఆమెకూ తాడు చేతికిచ్చారు. ఏరింది ఆ తర్వాత. తాడు ఇవ్వకముందే ఏరితే పూర్ణ ఎవరో మనకి తెలిసేదా?

ఏరే పని చేసేవాళ్లు ముందు ముందు చాలామంది వస్తారు. 2023 డిసెంబర్‌లో మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు కూడా పదిహేనేళ్లు నిండినవాళ్లకే పెట్టారు. ఆ లోపు పిలకాయలు మన చేతిలో ఉన్నారు. మనమూ ఏరితే ఇక ఆడించేది ఎవరు?

ఆదివారం నేను పెట్టబోయే రూల్స్ ఇవి:

1. వచ్చిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లోడు ఆడాలి. మ్యాచ్‌ని ఆరు భాగాలు చేద్దాం. భాగానికి ఐదుగురు చొప్పున ముప్పై చోట్లు. పదకొండు మంది వచ్చినా తలా రెండు భాగాలు వస్తాయి, ఇంకా మిగుల్తాయి.
2. రింగు దించాలి, చిన్న బంతి వాడాలి.
3. నీళ్లు మోసేది కోచ్. పిల్లలు కాదు.
4. ఓడినా కోచ్ అరవకూడదు. అరిస్తే విజిల్ ఇంకొకరికి ఇవ్వాలి.

ఓడిపోతామేమో. ఓడిపోదాం. పదకొండు మందీ ఆడి ఓడిన ఫోటో పెడతా, దానికీ బొటనవేళ్లు పెట్టండి.

శనివారం సాయంత్రం నేను ఆ గుంట కాడికి పోతున్నా, వాళ్ల నాయనతో మాట్లాడేదానికి. వచ్చే మ్యాచ్‌లో నువ్వు ఆడతావురా అని పిల్లోడికి మాట ఇవ్వాలని ఉంది. ఆ మాట నిలబడాలంటే ఆదివారం మీరు చెయ్యెత్తాలి.

మీ తమ్ముడు,
డిగ్రీ రెండో సంవత్సరం, ఎస్టీ హాస్టల్, నెల్లూరు