సంపాదకుని మాట: బండల మీద పెన్సిల్ హీలు

1993లో పారిస్‌లో వివియన్ వెస్ట్‌వుడ్ ఫ్యాషన్ ప్రదర్శన. దాదాపు తొమ్మిది అంగుళాల మడమల బూట్లేసుకుని నడుస్తూ మోడల్ నవోమీ క్యాంప్‌బెల్ దబ్బున కూలబడింది. పడి, నవ్వేసింది. ఆ బూట్లకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చోటు దక్కింది. మనవైపు పెళ్లిళ్లలో ఎవరైనా అలా పడితే మ్యూజియం ఏమోగానీ, వీడియో మాత్రం గ్యారంటీ!

కర్నూలు, కడప కల్యాణ మండపాల్లో పరిచేది బేతంచెర్ల బండలో, కడప నల్లబండలో. పాలిష్ పట్టాక వాటి మీద నాలుగు చుక్కలు నీళ్లు పడితే చాలు. పెన్సిల్ హీలు అడుగున రబ్బరు బిళ్ల అరిగి మేకు తేలితే ఇంకా ప్రమాదం. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాళ్లు ఆ బిళ్ల ఒక్కటే మార్చి ఇస్తారు. ఇక నంద్యాల వైపు రేగడి నేలల్లో, వాన పడ్డాక, హీల్సు ఊసే వద్దు.

సోకూ సుఖమూ రెండూ కావాలంటే వెడ్జి మేలని నా లెక్క. ఇటలీలో 1930లలో మంచి ఉక్కు కరువైతే బూట్ల రూపకర్త ఫెరగామో బెండుతో ఈ వెడ్జి మడమలు కట్టాడు. బరువంతా ఒక్క మొన మీద కాక అడుగంతా పరుచుకుంటుంది.

ఈ సంచికలో కిర్రు చెప్పుల ముచ్చట్లున్నాయి. మన మెట్టల్లో పూసే తంగేడు బెరడుతో తోలు ఊనే పద్ధతీ ఉంది. 2020 డిసెంబరులో పాదరక్షల పరిశ్రమకు శంకుస్థాపన జరిగిన పులివెందుల గురించీ రాశాం.

చెప్పులు కొనబోయేవాళ్లు సాయంత్రం పూట వెళ్లండి. పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది, కొలత సరిగ్గా తెలుస్తుంది.