జారే చక్రానికి పగ్గం

సగరోళిలో వానాకాలం ఎలా ఉంటుందో, బోధన్ దాటి మంజీర వంతెన మీదుగా అటు వెళ్ళి వచ్చిన మన పాఠకులకు తెలుసు. ఒక్క వాన పడితే చాలు, ట్రాక్టర్ల చక్రాలకు అంటిన రేగడి మట్టి రోడ్డంతా పరచుకుంటుంది. పోయిన శ్రావణంలో మా మేనల్లుడు సెకండ్ హ్యాండ్ మోటారుసైకిల్ తెచ్చి, "దీనికి ట్రాక్షన్ కంట్రోల్ ఉంది మామా, జారనే జారదు" అన్నాడు. నాకు భయం వేసింది ఆ మాటకే. అందుకే ఈసారి శీర్షిక దాని మీద.

రోడ్డు పట్టుకు మించి ఇంజను శక్తి ఇస్తే చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది. అలా తిరిగే చక్రానికి పక్కకు జారకుండా నిలిచే బలం కూడా తగ్గిపోతుంది. బండి వెనుక భాగం పక్కకు కొట్టుకుపోయేది అందుకే.

చక్రాల దగ్గర ఏ.బి.ఎస్. కోసం పెట్టిన పళ్ళ రింగు, సెన్సారు ఉంటాయి. మోటారుసైకిల్‌లో ముందు చక్రం ఉత్తినే దొర్లుతుంది. వెనుకది దానికన్నా మరీ వేగంగా తిరిగితే కంప్యూటరు కనిపెట్టి స్పార్కును ఆలస్యం చేస్తుంది, లేదా పెట్రోలు తగ్గిస్తుంది. మన దేశంలో 2020లో విడుదలైన హోండా హైనెస్ సి.బి.350కి ఈ ఏర్పాటు ఉంది.

కారు సంగతి ట్రాక్టరు డ్రైవర్లకు ఎప్పుడో తెలుసు! ఒక చక్రం బురదలో తిరిగిపోతుంటే గట్టి నేల మీది చక్రానికీ బలం అందదు. అది డిఫరెన్షియల్ గుణం. ట్రాక్టరుకు వెనుక చక్రాలకు విడివిడి బ్రేకులుంటాయి గనక, డ్రైవరు తిరిగే చక్రం వైపు బ్రేకు నొక్కుతాడు. బలం రెండోదానికి వెళ్ళి బండి బయటపడుతుంది. కారు కంప్యూటరు చేసేదీ అచ్చం అదే, కాకపోతే రెప్పపాటులో.

ఇది లేని పట్టును పుట్టించదు. బ్రేకు వేసినప్పుడు, మలుపులో ముందు చక్రం జారినప్పుడు దీనివల్ల లాభం లేదు. లోతు బురదలో కారు ఇరుక్కుంటే ఇదే శక్తిని తగ్గించి కదలనివ్వదు. అప్పుడు బటన్ నొక్కి ఆపి, మెల్లగా బయటికి తెచ్చుకుని, రోడ్డెక్కగానే మళ్ళీ వేసుకోవాలి.

ఇదంతా చెప్పి మేనల్లుడి బండి ముందు టైరు చూశాను. గాళ్ళు అరిగి నున్నగా ఉంది. ఆ రోజు వాడు బస్సులోనే వెళ్ళాడు.