టూల్ నొక్కడం హ్యాకింగ్ కాదు, మన స్కాలర్‌షిప్ వాళ్ల ఫీజు కాదు



మన హాస్టళ్లలో ఇప్పుడు "ఎథికల్ హ్యాకింగ్" కోర్సుల పిచ్చి పట్టుకుంది. స్కాలర్‌షిప్ పడగానే కట్టేస్తున్నారు. చివరికి చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్, నాలుగు టూల్స్ పేర్లు. రిటర్న్ అడ్రస్ అంటే ఏంటని అడిగితే నోరు పెగలదు. తప్పు పిల్లలది కాదు, అసలు సంగతి చెప్పకుండా డబ్బు తీసుకున్నవాళ్లది.

మేము అనేది ఒకటే. బఫర్ ఓవర్‌ఫ్లోతో మొదలుపెట్టండి. 1988లో మోరిస్ వార్మ్ ఇంటర్నెట్‌లో పాకిన దారుల్లో ఇదొకటి. ఫింగర్ సర్వీసులోని 512 బైట్ల బఫర్‌కి అంతకు మించి పంపి లోపలికి దూరింది.

విషయం ఇదీ. సీ ప్రోగ్రాంలో పేరు రాసుకోవడానికి 64 బైట్ల జాగా ఇచ్చారనుకోండి. గెట్స్ అనే ఫంక్షన్ కొలత చూడదు, కుంచెం నిండినా పోస్తూనే ఉంటుంది. (2011 సీ ప్రమాణంలోంచి దాన్ని తీసేసింది అందుకే.) పొర్లినది పక్కనున్న బేస్ పాయింటర్ 8 బైట్ల మీద, ఆ తర్వాత రిటర్న్ అడ్రస్ మీద పడుతుంది. అంటే 72 అక్షరాలు నింపి, ఛాలెంజ్‌లో దాచిన ఫంక్షన్ అడ్రస్‌ని చివరి బైటు ముందు వచ్చేలా తిప్పి పెడితే, ప్రోగ్రాం నేరుగా అక్కడికే పోతుంది. అన్నిసార్లూ 72 కాదు. జీడీబీలో చూసి కొలుచుకోవాలి. ఆ కొలుచుకోవడమే చదువు.

"పాతది, ఇప్పుడు పనిచేయదు" అంటారు కొందరు సీనియర్లు. కానరీ, ఎన్ఎక్స్, ఏఎస్ఎల్ఆర్ అడ్డం ఉన్న మాట నిజమే. దొంగ ఎటు నుంచి వచ్చాడో తెలియనివాడికి కంచె అక్కడే ఎందుకు వేశారో ఎలా తెలుస్తుంది?

"లాప్‌టాప్ లేదు, ఇంగ్లీషు రాదు, మనకెందుకు, గ్రూప్-4 చదువుకో" అనే మాటకి మాకు ఇంకా మండుతుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల పికో సీటీఎఫ్, ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్ల పౌన్ డాట్ కాలేజ్ రెండూ ఉచితం. బ్రౌజర్లోనే నడుస్తాయి, కాలేజీ ల్యాబ్‌లో గంట దొరికినా చాలు. గ్రూప్-4 రాయొద్దని ఎవరన్నారు, అదీ రాయండి.

ఒక్క హద్దు. ప్రాక్టీసుకిచ్చిన మెషీన్లు తప్ప, కాలేజీ రిజల్ట్స్ సైటు గానీ ఇంకోటి గానీ ముట్టుకోవద్దు. ఐటీ చట్టం 2000, సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. కేసు పడితే కోర్టు చుట్టూ తిరగడానికి మన ఇళ్లలో డబ్బుల్లేవు.

ఫీజు కట్టినవాళ్లు మీ కోర్సు సిలబస్ ఫొటో కింద పెట్టండి. స్టాక్, జీడీబీ అన్న మాటలు ఎన్నిట్లో ఉన్నాయో అందరం కలిసి చూద్దాం.